నకలు, అమానత్: ఒక చిన్న ఖజానా తవారీఖ్



ఈసారి నవాబుల సంగతి కాదు, నిజాం నగల సంగతి అంతకన్నా కాదు. ఒక ఇనప పెట్టె గురించి రాస్తున్నాను. దాన్ని సర్వర్ అంటారు. మన ఖాన్‌దాన్‌లలో చాలామంది పిల్లలు, కొడుకో భాంజానో దామాదో, హైటెక్ సిటీలోనో రియాద్‌లోనో దుబాయ్‌లోనో ఈ పెట్టెలకు రాత్రంతా పహరా కాస్తుంటారు. వాళ్లేం చేస్తారని అమ్మీని అడిగితే "కంప్యూటర్ కా కామ్" అంటుంది. అంతే. ఆ కామ్‌లో ఒక చిన్న తునక తవారీఖ్ ఇది. దీంతో నాకేం పని అంటారేమో. ఇందులో నా ఖుసూర్ ఒకటి ఉంది. దాని దగ్గరికి మెల్లగా వస్తాను.

ముందు రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. నకలు, అమానత్. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ని నేను. మొదటి ఏడాది క్లాసులో సగం అర్థమయ్యేది కాదు. ఒకరోజు మా లెక్చరర్ బోర్డు మీద అసలు, నకలు, రసీదు, జమ, బాకీ, ఖజానా అని రాసి, ఇవన్నీ ఎక్కణ్నుంచి వచ్చాయో చెప్పమన్నారు. క్లాసులో చెయ్యెత్తింది నేనొక్కణ్నే. ఆ రోజు నుంచి తెలుగు నాకు పరాయి ఇల్లు అనిపించలేదు. ఇవాళ చెప్పబోయే హునర్ అంతా అమెరికాలో, ఇంగ్లాండులో, జపాన్‌లో పుట్టింది. అయినా దాన్ని చెప్పడానికి ఆ బోర్డు మీది మాటలే సరిపోతాయి.

ఖజానా అన్న మాటకు మూలం అరబ్బీ. మఖ్జన్ అంటే సరుకు దాచే చోటు. దాని బహువచనం మఖాజిన్ సముద్రం దాటి యూరప్ వెళ్లి మ్యాగజైన్ అయింది. మొదట మందుగుండు గోదాముకీ, తర్వాత పత్రికకీ ఆ పేరే. 1901లో లాహోర్‌లో షేక్ అబ్దుల్ ఖాదిర్ తన ఉర్దూ పత్రికకు 'మఖ్జన్' అనే పేరు పెట్టారు. ఇప్పుడు గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు అరబ్బీ తెర మీద స్టోరేజ్ అన్నచోట చూసే 'తఖ్జీన్' కూడా ఆ ఖాన్‌దాన్‌దే. ఇక 'క్యాష్' సంగతి. ఇది నగదు కాదు. ఫ్రెంచి భాషలో దాచిపెట్టడం అనే మాట నుంచి వచ్చింది. అంటే పెద్ద ఖజానా ముందు, కంటికి కనపడకుండా కూర్చున్న చిన్న ఖజానా.

చిన్న ఖజానా ఎందుకు కావాల్సి వచ్చిందో తెలియాలంటే మా పాత పత్రికాఫీసు లైబ్రరీకి రావాలి. కింద గోదాములో ముప్ఫై ఏళ్ల పత్రికలు బైండు చేసి ఉండేవి. పైన బల్ల దగ్గర లైబ్రరీ చాచా. ఎవరికి ఏ తారీఖు పత్రిక కావాలన్నా చాచా మెట్లు దిగి, వెతికి, దుమ్ము దులిపి తేవాలి. పావుగంట. ఎలక్షన్ల కాలంలో అందరూ పోయిన ఎలక్షన్ల ఫైలే అడుగుతారు. చాచా తెలివైనవాడు. ఆ ఫైళ్లు కిందికి పంపకుండా బల్ల మీదే ఉంచేవాడు. బల్ల నిండితే, చాలా రోజులుగా ఎవరూ అడగనిదాన్ని తీసి కిందికి పంపేవాడు. క్యాష్ అంటే ఆ బల్ల. ఏది ఉంచాలి, ఏది పంపాలి అన్న చాచా ఫికరే ఈ తవారీఖ్‌లో సగం.

కంప్యూటర్‌లో గోదాము అంటే డిస్కు. 1956లో ఐబీఎం కంపెనీ రామాక్ అనే మొదటి డిస్కు యంత్రాన్ని బజారుకు తెచ్చింది. 24 అంగుళాల వెడల్పున్న 50 పళ్లేలు, నిమిషానికి 1,200 చుట్లు. అంత పెద్ద యంత్రంలో పట్టేవి 50 లక్షల అక్షరాలు. ఒక అక్షరం దగ్గరికి చెయ్యి చేరడానికి సగటున అరసెకనుకు పైనే పట్టేది. తర్వాత అరవై ఏళ్లలో పళ్లేలు చిన్నవయ్యాయి, అక్షరాలు కోట్లను దాటిపోయాయి. కానీ పళ్లెం తిరగాల్సిందే, చెయ్యి కదలాల్సిందే. సర్వర్ల కోసం చేసిన గట్టి డిస్కులు నిమిషానికి 15,000 చుట్లు తిరుగుతాయి. ఒక చుట్టుకు 4 మిల్లీసెకన్లు. కావలసిన చోటు తల కిందికి రావడానికి సగటున అందులో సగం, చెయ్యి జరగడానికి మరో మూడు నాలుగు. లెక్క కడితే, చెల్లాచెదురుగా ఉన్న చోట్ల నుంచి సెకనుకు రెండు వందల సార్లు తెచ్చివ్వడం కూడా దానికి కష్టమే. అవతల ప్రాసెసర్ అదే సెకనులో వందల కోట్ల పనులు చేసి, ఖాళీ చేతులతో ఎదురుచూస్తుంది. చాచా మెట్లు దిగుతుంటే పైన సబ్ ఎడిటర్ పెన్ను పట్టుకు కూర్చున్నట్టు.

ఈ ఎదురుచూపుకు ఇలాజ్‌ను కాగితం మీద ముందుగా పెట్టిన పెద్దమనిషి మారిస్ విల్క్స్. కేంబ్రిడ్జిలో 1949లో ఎడ్‌శాక్ కంప్యూటర్‌ను నడిపించిన ఉస్తాద్. 1965 ఏప్రిల్‌లో ఆయన రెండు పేజీల చిన్న వ్యాసం అచ్చువేశారు. పెద్ద, నెమ్మది మెమరీ పక్కన చిన్న, చురుకైన మెమరీ ఒకటి ఉండాలి. వాడినదాన్ని అది దగ్గర ఉంచుకోవాలి. మళ్లీ అడిగితే పెద్దదాని దాకా పోకుండా తానే ఇవ్వాలి. ఆయన దానికి పెట్టిన పేరు స్లేవ్ మెమరీ. మన మాటలో గులాం యాద్దాష్త్. ఆ రెండు పేజీల్లోనే ఇంకో మాట ఉంది. చిన్న మెమరీలో ఉన్నదాన్ని ఎవరైనా మార్చి ఉంటే, దాని పక్కన ఒక గుర్తు పెట్టాలి. దాని చోటు ఇంకొకదానికి ఇచ్చే ముందు, ఆ గుర్తు చూసి, మార్పును పెద్ద మెమరీలోకి రాసి రావాలి.

దోస్తులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నకలుకూ అమానత్‌కూ ఫరక్ ఆ చిన్న గుర్తులోనే ఉంది. మారని సరుకు బల్ల మీద ఉంటే అది నకలు. బల్ల కాలిపోయినా గోదాములో అసలు భద్రం. మారిన సరుకు, ఇంకా గోదాముకు చేరని సరుకు, బల్ల మీద ఉంటే అది నకలు కాదు. ప్రపంచంలో అదొక్కటే అసలు. అది బల్ల దగ్గర అమానత్.

ఈ బరువు అప్పుడే కొందరికి అర్థమైనట్టుంది. 1968లో ఐబీఎం తన సిస్టమ్ 360 మోడల్ 85లో ఈ చిన్న మెమరీ పెట్టింది. 16 కిలోబైట్లు, కావాలంటే 32 దాకా. క్యాష్ అన్న పేరు అచ్చులోకి వచ్చింది కూడా ఆ యంత్రంతోనే. ఆ కంపెనీ జర్నల్‌లో వ్యాసం రాసినప్పుడు 'హైస్పీడ్ బఫర్' అనే మాట ఎడిటర్‌కు నచ్చక వేరే పేరు అడిగితే ఇది కుదిరింది. ఎడిటర్లు చెడగొట్టేవే కాదు, నిలబెట్టే మాటలూ ఉంటాయని మా బిరాదరీ తరఫున నమోదు చేస్తున్నాను. ఆ యంత్రం నకలు మాత్రమే ఉంచుకుంది. ఏది రాసినా చిన్నదాంట్లోనే ఆపకుండా పెద్ద మెమరీలోకీ వెంటనే రాసేసేది. ఆ పద్ధతిని రైట్ త్రూ అంటారు. రాసేటప్పుడు వేగం తగ్గుతుంది, కానీ అమానత్ భారం ఉండదు.

అదే ఫికర్ డిస్కుల దాకా రావడానికి ఇంకో పదమూడేళ్లు పట్టింది. 1981లో ఐబీఎం 3880 అనే డిస్కు కంట్రోలర్లలో క్యాష్ ఉన్న మోడళ్లు తెచ్చింది. కంట్రోలర్ అంటే కంప్యూటర్‌కూ డిస్కులకూ మధ్య కూర్చునే మున్షీ. చదవడానికి మున్షీ దగ్గర నకళ్లు ఉండేవి. రాయడం మాత్రం డిస్కు మీదికే. ఎందుకంటే మున్షీ మెమరీ కరెంటు ఉన్నంతసేపే బతుకుతుంది. కరెంటు పోతే అమానత్ గల్లంతు. 1987లో వచ్చిన 3990 మోడల్ 3లో బ్యాటరీ కాపలా ఉన్న మెమరీని విడిగా పెట్టారు. అప్పటి నుంచి మున్షీకి ఒక కొత్త అధికారం దక్కింది. సరుకు గోదాముకు చేరకముందే రసీదు ఇచ్చే అధికారం. "రాసేశాను, నువ్వు నీ పని చూసుకో" అని కంప్యూటర్‌కు చెప్పి, తర్వాత తీరిగ్గా డిస్కు మీదికి ఎక్కిస్తాడు. దీని పేరు రైట్ బ్యాక్. వేగం ఎన్నో రెట్లు పెరిగింది. కానీ ఆ రసీదు విలువ బ్యాటరీ ప్రాణమంత.

మరుసటి ఏడు, 1988లో, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు రెయిడ్ పేరుతో ఒక పర్చా ప్రచురించారు. ఒక పెద్ద ఖరీదైన డిస్కు బదులు చిన్న చవక డిస్కులు కొన్నింటిని కట్టగా కట్టి వాడుకోవచ్చు, ఒకటి చచ్చినా మిగతావాటి నుంచి లెక్క తీసి పోయినదాన్ని తిరిగి రాబట్టుకోవచ్చు అని. ఆ కట్టను కంప్యూటర్ ఒకే డిస్కుగా చూస్తుంది. అదే వర్చువల్ డిస్కు. లేని డిస్కు, కానీ ఉన్నట్టు కనిపించే డిస్కు. బహుత్ ఖూబ్. అయితే రెయిడ్ 5 అనే పద్ధతిలో ఒక చిన్న మార్పు రాయాలంటే నాలుగు పనులు. పాత సరుకు చదవాలి, పాత లెక్క చదవాలి, కొత్త సరుకు రాయాలి, కొత్త లెక్క రాయాలి. అసలే నెమ్మది డిస్కు, పైగా నాలుగింతల మెహనత్. అందుకే రెయిడ్ కార్డుల మీద బ్యాటరీ ఉన్న మెమరీ తప్పనిసరి అయిపోయింది. ఈ కార్డుల్లో పేరున్న మెగారెయిడ్ అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో అమెరికన్ మెగాట్రెండ్స్ అనే కంపెనీలో పుట్టింది. 2001లో అది ఎల్‌ఎస్‌ఐ కంపెనీ చేతికి వెళ్లింది. ఆ కార్డు మీది మెమరీ 512 మెగాబైట్లో, ఒక గిగాబైటో. వెనక డిస్కులేమో లక్షల మెగాబైట్లు. గోదాము ఊరంత, బల్ల పీటంత.

బల్లను పెద్దది చేసింది ఒక జపాన్ ఇంజినీరు. తోషిబాలో ఫుజియో మసువోకా 1984లో ఫ్లాష్ మెమరీని, 1987లో అందులో నాండ్ అనే రకాన్ని లోకం ముందు పెట్టారు. కరెంటు తీసినా గుర్తుంచుకునే చిప్పు. పెద్ద ముక్క మొత్తాన్ని ఒక్కసారిగా చెరిపే తీరు కెమెరా ఫ్లాష్‌లా ఉందని ఆయన తోటి ఉద్యోగి ఆ పేరు సూచించారట. పళ్లేలు లేవు, చెయ్యి లేదు, తిరగడం లేదు. దానితో చేసిన డిస్కే ఎస్‌ఎస్‌డీ. 2008 ప్రాంతానికి సర్వర్ల కోసం వచ్చిన ఎస్‌ఎస్‌డీలు సెకనుకు పదుల వేల చదువుళ్లు ఇచ్చేవి. ధర మాత్రం గోదామంతా వాటితో నింపే వీలు లేనంత. ఇంకో ఐబ్ కూడా ఉంది. ఒకే చోట చెరిపి రాయడం ఇన్నిసార్లే అని దాని నసీబ్‌లో రాసి ఉంటుంది.

అప్పుడు చాలామందికి ఒకే ఆలోచన తట్టింది. గోదాము పాత డిస్కులతోనే ఉండనీ, బల్లను ఎస్‌ఎస్‌డీతో చేద్దాం. 2010లో ఫేస్‌బుక్ ఇంజినీర్లు తమ డేటాబేసుల కోసం ఫ్లాష్‌క్యాష్ అనే సాఫ్ట్‌వేర్ రాసి అందరికీ ఇచ్చేశారు. 2013లో లినక్స్‌లోనే డీఎం-క్యాష్, బీక్యాష్ చేరాయి. కంట్రోలర్ కార్డుల వైపు ఎల్‌ఎస్‌ఐ 2010లో క్యాష్‌కేడ్ తెచ్చింది. డెల్ కంపెనీ పెర్క్ హెచ్700, హెచ్800 కార్డుల్లో కొన్ని రకాలకు ఇది దొరికేది. ఒకటో రెండో ఎస్‌ఎస్‌డీలు తీసుకుని, ఇది క్యాష్ వర్చువల్ డిస్కు అని కార్డుకు చెప్పాలి. అది కంప్యూటర్‌కు డిస్కుగా కనపడదు. అందులో మనం ఫైలు పెట్టలేం. మున్షీకి మాత్రమే తెలిసిన దాపు అది. క్యాష్ అన్న ఫ్రెంచి మాటకు అచ్చమైన అర్థం. పళ్లేల డిస్కుల్లో ఏ భాగాన్ని మళ్లీ మళ్లీ అడుగుతున్నారో మున్షీ చూసుకుని, ఆ భాగం నకలును అందులోకి ఎక్కిస్తాడు. మొదటి క్యాష్‌కేడ్‌లో మొత్తం 512 గిగాబైట్ల దాకా పెట్టుకోవచ్చు. చదవడానికి మాత్రమే, రాయడానికి కాదు.

మళ్లీ అదే వరస చూశారా? ముందు నకలు, తర్వాత అమానత్. 2011లో క్యాష్‌కేడ్ రెండో రూపం వచ్చింది. ఇప్పుడు రాతలు కూడా ముందు ఎస్‌ఎస్‌డీలోకి వెళ్లి, అక్కడే రసీదు పుచ్చుకుని, తర్వాత వీలు చూసుకుని డిస్కుల మీదికి దిగొచ్చు.

ఈ చిన్న ఖజానాను చూసుకోవడంలో పెద్ద ఇల్మ్ ఏమీ లేదు. ఉన్నదల్లా ఎహ్తియాత్. మన పిల్లల్లో ఈ పని చేసేవాళ్లకు ఇవి తెలిసినవే, ఇంట్లోవాళ్ల కోసం చెబుతున్నాను. మొదటిది, ఏ వర్చువల్ డిస్కును ఈ దాపుకు జోడించాలో ఎంచుకోవడం. వరసగా పెద్ద పెద్ద ఫైళ్లు రాసే డిస్కుకు దీనివల్ల లాభం తక్కువ. చెల్లాచెదురుగా చిన్న చిన్న అడుగుళ్లు పడే డిస్కుకే లాభం. రెండోది, చదవడానికేనా, రాయడానికి కూడానా అన్న ఫైసలా. చదవడానికే అయితే ఒక్క ఎస్‌ఎస్‌డీ చాలు. అది చచ్చినా వేగం తగ్గుతుందే తప్ప అక్షరం పోదు. రాయడానికి కూడా అయితే కనీసం రెండు ఉండాలి, ఒకదానికి ఒకటి అద్దంలా. దాన్ని రెయిడ్ 1 అంటారు. అమానత్ ఒక్క జేబులో పెట్టకూడదు. మూడోది, ఎస్‌ఎస్‌డీ అరుగుదల లెక్క అప్పుడప్పుడు చూడటం. అద్దంలా పెట్టిన రెండింటి మీదా ఒకే రాతలు పడతాయి కాబట్టి రెండూ కలిసి ముసలివవుతాయి.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఈ దాపును తీసేయాలనుకుంటే ముందు మున్షీకి చెప్పాలి. "నీ దగ్గర ఉన్న బాకీ అంతా డిస్కుల మీదికి దించు" అనాలి. దించాడని చూసుకోవాలి. అప్పుడు క్యాష్ వర్చువల్ డిస్కును తొలగించాలి. ఆ తర్వాతే ఎస్‌ఎస్‌డీ మీద చెయ్యి వేయాలి. ఈ వరస తప్పితే ఏమవుతుందో నేను చూశాను.

2012, 2013లో నేను పోలీస్ యాక్షన్ చూసినవాళ్ల మాటలు రికార్డు చేస్తూ తిరిగాను. 1948 సెప్టెంబర్‌కు పిల్లలుగానో, కొత్త కోడళ్లుగానో ఉన్నవాళ్లు. అప్పటికే ఎనభైకి అటూ ఇటూ. జహీరాబాద్ వైపు ఒక ఊళ్లో ఒక నానీమా నలభై నిమిషాలు మాట్లాడింది. అరవై అయిదేళ్లుగా తన కొడుకులకు కూడా చెప్పని మాటలు. మధ్యలో రెండుసార్లు ఆగి నీళ్లు తాగింది. చివర్లో రికార్డర్ వైపు చూపిస్తూ, ఇది నీ దగ్గర అమానత్ బేటా, పోగొట్టకు అంది. మా పత్రికలో పెద్ద సర్వర్ ఉంది నానీమా, ఎక్కడికీ పోదు అన్నాను. ఆ రాత్రే ఆఫీసులో రికార్డింగును సర్వర్‌లోకి ఎక్కించాను. కాపీ పూర్తయింది అని తెర మీద వచ్చింది. మర్నాడు ఇంకో ఊరికి వెళ్లాలి. రికార్డర్‌లో జాగా కావాలి. చెరిపేశాను.

ఆ సర్వర్‌కు అంతకు కొన్ని నెలల ముందే ఎస్‌ఎస్‌డీలు తగిలించారు. రాత్రి పది దాటాక జిల్లా పేజీలన్నీ ఒక్కసారి తెరుచుకునేటప్పుడు యంత్రం మొరాయించేది. మా సిస్టమ్స్ భాయ్ సాబ్ దాన్ని సరిచేశాడు. చదవడానికీ రాయడానికీ రెండింటికీ పెట్టాడు. డెస్కంతా దువాలిచ్చింది. ఆ తర్వాత ఆయన వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. వెళ్తూ ఏది ఎలా పెట్టాడో కాగితం మీద రాసి ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు. కొన్నాళ్లకు ఇంకో యంత్రానికి ఎస్‌ఎస్‌డీలు అవసరమయ్యాయి. బయటి నుంచి వచ్చిన కుర్రాడు సర్వర్ ఆపి, రెండూ లాగి, అందులో బిగించి, కొత్తగా ఫార్మాట్ చేశాడు. వాడి మాట ఇప్పటికీ గుర్తుంది: "క్యాషే కదా సార్, నకలే ఉంటుంది."

వాడు చదివిన పుస్తకంలో అది నిజమే అయి ఉంటుంది. మా పెట్టెలో కాదు. మా దాంట్లో ఉన్నది అమానత్. ఎక్కువగా మారేవేమిటి? ఏ ఫైలు ఎక్కడుంది అనే పట్టికలు. వాటి తాజా రూపం ఎస్‌ఎస్‌డీల్లోనే ఉండిపోయింది. సర్వర్ మళ్లీ పెట్టేసరికి మొత్తం వర్చువల్ డిస్కే తెరుచుకోలేదు. బ్యాకప్ టేపు ఉంది, దానిది పాత తారీఖు. నేను రికార్డింగులు ఎక్కించిన రోజుకు ముందుది. పేజీలు మళ్లీ చేసుకున్నాం, ఫొటోలు కొన్ని కెమెరాల నుంచి దొరికాయి. నా దగ్గర మిగిలింది నోటుబుక్కులో నాలుగు పేజీలు. ఆమె గొంతు లేదు. ఆగి నీళ్లు తాగిన చప్పుడు లేదు. మళ్లీ వెళ్లి అడుగుదామని ధైర్యం కూడగట్టుకునే లోపు ఇంతికాల్ కబురొచ్చింది. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఆ కార్డు ఏ కంపెనీదో చెప్పను. ఖుసూర్ దానిది కాదు. కుర్రాడి మీద చాలాకాలం కోపం ఉండేది. ఈ తవారీఖ్ చదువుకున్నాక అది తగ్గింది. ఎందుకంటే వాడికన్నా ముందు గల్తీ చేసింది నేను. సరుకు రెండు చోట్ల ఉందో లేదో చూసుకోకుండా, నానీమాకు "ఎక్కడికీ పోదు" అని రసీదు ఇచ్చేశాను. మున్షీ అయినా బ్యాటరీ ఉందా అని చూసుకుని గాని రసీదు ఇవ్వడు.

ఇక్కడ ఒక మాట అదబ్‌తో చెబుతాను, పోలికగా కాదు, ఇబ్రత్‌గా. యమామా జంగ్‌లో చాలామంది హాఫిజ్‌లు షహీద్ అయినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) కు కలిగిన ఫికర్ మనందరం చిన్నప్పుడు విన్నదే. గుండెల్లో భద్రంగా ఉన్నా, తోలు ముక్కల మీద, ఖర్జూరపు మట్టల మీద విడివిడిగా రాసి ఉన్నా, అంతటినీ ఒకచోట చేర్చాలని ఆయన హజ్రత్ అబూబకర్ (రజి) దగ్గర పట్టుబట్టారు. ఆ జిమ్మేదారీ హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) మీద పడింది. ఒక కొండను జరపమన్నా ఇంతకన్నా తేలికని ఆయన అనుకున్నారట. అమానత్ బరువు తెలిసినవాళ్ల తీరు అది. గుర్తుంది కదా అని ఊరుకోలేదు, రాసి ఉంది కదా అనీ ఊరుకోలేదు.

క్యాష్‌కేడ్ కథ ఎక్కువ కాలం సాగలేదు. 2014లో ఎల్‌ఎస్‌ఐని అవాగో కొన్నది, 2016లో ఆ కంపెనీయే బ్రాడ్‌కామ్ పేరు పెట్టుకుంది. ఈలోగా ఎస్‌ఎస్‌డీ ధరలు దిగాయి. గోదామునే ఎస్‌ఎస్‌డీలతో నింపడం మొదలయ్యాక ప్రత్యేకంగా బల్ల అవసరం తగ్గింది. తర్వాతి తరాల కార్డుల్లో ఈ సౌకర్యం మెల్లగా కనుమరుగైంది. కానీ బల్ల పోలేదు, లోపలికి వెళ్లింది. సర్వర్లకు వాడే మంచి ఎస్‌ఎస్‌డీలో కూడా ఒక చిన్న మెమరీ ఉంటుంది. కరెంటు పోతే అందులోని బాకీని ఫ్లాష్‌లోకి దించేంత సేపు నిలబెట్టడానికి కెపాసిటర్లు ఉంటాయి. విల్క్స్ సాబ్ చెప్పిన ఆ చిన్న గుర్తు పని ఇంకా నడుస్తూనే ఉంది. మీ ఫోన్‌లో ఫొటో "సేవ్ అయింది" అని కనిపించినప్పుడు, కంప్యూటర్ నుంచి పెన్ డ్రైవ్ తీసే ముందు అది ఒక్క నిమిషం ఆగమన్నప్పుడు, లోపల జరిగేది అదే హిసాబ్.

అందుకే ఈ జుమా తర్వాత ఒక పని చేయండి. మీ దాదీ గొంతు, నానా నిఖానామా ఫొటో, అబ్బా పాత ఖత్‌లు ఫోన్‌లో ఉంటాయి. అవి ఇంకెక్కడ ఉన్నాయో చూడండి. ఇంకెక్కడా లేకపోతే మీ ఫోన్‌లో ఉన్నది నకలు కాదు. ఇవాళే ఇంకో చోట పెట్టండి, పెట్టాక తెరిచి వినండి, అప్పుడు గాని మొదటిది చెరపొద్దు. ఇంట్లో సర్వర్ల పని చేసే బేటానో బేటీనో ఉంటే, ఏది ఎలా పెట్టారో కాగితం మీద రాసి వెళ్లమని చెప్పండి. తర్వాత వచ్చేవాడికి అది నకలో అమానతో తెలియాలి.

నానీమా నాలుగు పేజీలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి మా చెల్లెలి ఇంట్లో, బీరువాలో, కాగితం మీద.